నలభై దినాలు మానగలిగినవారికి



మన విచారణలలో ఏటేటా జరిగే ఒక సంగతిని గురించి ఈ వారం కొంచెం నిదానంగా ఆలోచిద్దాం. విభూది బుధవారం నాడు నుదుట విభూది పెట్టించుకొని ఇంటికి వచ్చిన మగవారిలో చాలామంది ఆనాటి నుంచి సీసా ముట్టరు. కొందరు బీడీ కట్టను, అగ్గిపెట్టెను కూడా గూట్లో పెట్టేస్తారు. శుక్రవారం సిలువ మార్గానికి ముందు వరుసలో నిలబడతారు. ఇంట్లో గొంతులు తగ్గుతాయి. కూలి డబ్బు ఇల్లు చేరుతుంది. నాయన వచ్చే అలికిడికి పిల్లలు ఉలిక్కిపడటం మానేస్తారు. మట్టల ఆదివారం గడుస్తుంది, పాస్కా జాగరణ పూజ అవుతుంది. పండుగ మధ్యాహ్నం పొయ్యి మీద మాంసం ఉడుకుతుండగా ఎవరో ఒక బావమరిది వాకిట్లో నిలబడి పిలుస్తాడు. "దినాలు అయిపాయె గదా బావా, ఇంకేముంది, రా!" అంతే. చీకటి పడేసరికి ఇల్లు మళ్ళీ పాత ఇల్లే.

ఇది మనకొక్కరికే పరిమితమైన విషయం కాదు. అయ్యప్ప మాల వేసుకున్న మన హిందూ సోదరులు 41 రోజులు చుక్క ముట్టరు. రంజాన్ నెలలో మన కర్నూలు, కడప ముస్లిం సోదరులు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేవరకు మంచినీళ్ళే ముట్టరు, ఇక బీడీ మాట ఎక్కడిది? అయినా గడువు తీరిన మరునాడు వారిలోనూ చాలామంది పాత దారినే పడుతున్నారు.

దీన్ని చూసి మనం సాధారణంగా అనే మాట ఒకటుంది: "వానికి మనసు గట్టిది కాదు." ఈ మాట సరైనది కాదని నా అభిప్రాయం. మనసు గట్టిది కానివాడు నలభై దినాలు ఎట్లా ఉన్నాడు? బీడీ, సిగరెట్టు మానినప్పుడు శరీరం పడే బాధ మొదటి మూడు రోజులు ఎక్కువగా ఉంటుంది, మూడు నాలుగు వారాలలో చాలావరకు సద్దుమణుగుతుంది. మద్యం మానినప్పుడు కలిగే వణుకు, చెమటలు చాలామందికి వారం రోజులలో తగ్గిపోతాయి. కోరిక నెలల తరబడి అప్పుడప్పుడు తొంగిచూస్తుంది, నిజమే. కానీ పాస్కా పండుగ నాటికి కష్టమైన భాగం దాటిపోయింది. ఏరు ఈది ఒడ్డుకు చేరినవాడు మళ్ళీ నీళ్ళలోకి ఎందుకు దిగుతున్నాడు? అతడు మానడానికి పెట్టుకున్న కారణానికి గడువు ఉంది. గడువు తీరింది, కారణం కూడా తీరిపోయింది. రెండో కారణం ఏదీ అతని చేతిలో లేదు.

ముందుకు పోయే ముందు ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. పొద్దున లేస్తూనే ఇంత గొంతులో పోసుకోనిదే చేతి వణుకు ఆగని స్థితికి వచ్చినవారు విభూది బుధవారం గదా అని ఒక్కసారిగా మానివేయకూడదు. అలాంటివారికి మొదటి రెండు మూడు రోజులలో మూర్ఛలు రావచ్చు, లేనివి కనిపించవచ్చు, లేని మాటలు వినిపించవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. మన ఊళ్ళలో దీన్ని చూసి గాలి సోకిందంటారు, మంత్రించేవాని దగ్గరికి తీసుకుపోతారు, లేదా మంచం చుట్టూ చేరి ప్రార్థనలు చేస్తారు. ప్రార్థన చేయండి, కాని ఆసుపత్రికి పోయే దారిలో చేయండి. కర్నూలు పెద్దాసుపత్రిలోను, కడప రిమ్స్‌లోను మానసిక వైద్య విభాగాలున్నాయి. వైద్యుల పర్యవేక్షణలో మందులతో మాన్పిస్తే ఈ గండం సురక్షితంగా గడుస్తుంది. ఇంకొక మాట. తాగేవానికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టే పొడులు, మాత్రలు అమ్మేవారు ఉంటారు. గోడల మీద ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. అటువంటి మందు కడుపులో ఉండగా అతడు తాగితే గుండె ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. డాక్టరు చెప్పకుండా, తినేవానికి తెలియకుండా, ఏ తల్లీ, ఏ భార్యా ఆ పని చేయవద్దు.

ఇక అసలు విషయం. మానాలనే కోరిక మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది? గొప్ప జ్ఞానోదయం కలగాలనీ, దేవుని మీద ప్రేమతో గుండె నిండిపోవాలనీ కొందరు ఎదురు చూస్తుంటారు. అది కలిగేవరకు తాగుతూనే ఉంటారు. సువిశేషంలోని తప్పిపోయిన కుమారుణ్ణి గుర్తు చేసుకోండి. ఎన్నో ప్రసంగాలలో విన్న కథే. అతడు లేచి ఇంటి దారి పట్టింది మొదట తండ్రి మీది ప్రేమతో కాదు. ఆకలితో! తండ్రి ఇంట కూలివాళ్ళకు కడుపునిండా తిండి ఉంది, తనకు పందుల మేత కూడా దక్కలేదు. ఆ లెక్క వేసుకొని లేచాడు. అంత చిన్న కారణంతో బయలుదేరినా తండ్రి దారిలోనే ఎదురు వచ్చాడు.

ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరంలో మాట్ టాల్బట్ అనే కూలి ఉండేవాడు. 1856లో పుట్టాడు. పన్నెండేళ్ళ వయసులో ఒక మద్యం వ్యాపారి దగ్గర పనికి కుదిరి, అక్కడే తాగుడు నేర్చాడు. పదహారేళ్ళ పాటు సంపాదించినదంతా తాగాడు. బూట్లు తాకట్టు పెట్టి తాగాడు. ఒకసారి స్నేహితులతో కలిసి, వీధిలో వాయించుకొని బ్రతికే ఒక బీదవాని ఫిడేలు దొంగిలించి, దాన్ని అమ్మి తాగాడు. 1884లో ఒక శనివారం, వారమంతా పనికి పోనందున చేతిలో పైసా లేక, సారాయి అంగడి దగ్గర వీధి మూలన నిలబడ్డాడు. ఎన్నోసార్లు తాను తాగించిన స్నేహితులు కూలి డబ్బు తీసుకొని అటే వస్తున్నారు. ఒక్కరైనా పిలుస్తారని చూశాడు. ఒక్కరూ పిలవలేదు. తల దించుకొని ఇంటికి పోయాడు. తాగుడు మానుతానని ప్రమాణం చేసి వస్తానని తల్లితో చెప్పాడు. నిలబెట్టుకొనే ఉద్దేశం ఉంటేనే చేయి నాయనా అని ఆమె హెచ్చరించిందట.

చూశారా, అతని మొదటి కారణం ఎంత చిన్నదో! స్నేహితుల ముందు కలిగిన చిన్నతనం. దాన్ని పట్టుకొనే గురువిద్యాలయానికి పోయి, పాపసంకీర్తనం చేసి, మూడు నెలలకు ప్రమాణం చేశాడు. మూడే నెలలు! అది కూడా దాటలేనని అనుకున్న రోజులున్నాయి. కాని ఆ మూడు నెలలను అతడు ఊరికే గడపలేదు. తెల్లవారుజామున పూజకు పోవడం మొదలుపెట్టాడు. పని వదిలిన తర్వాత సారాయి అంగళ్ళ దారి విడిచి నడిచాడు. జేబులో డబ్బు పెట్టుకొని తిరగడం మానేశాడని చెబుతారు. ఉన్న బాకీలు ఒక్కొక్కటిగా తీర్చాడు. ఆ ఫిడేలు వాయించే మనిషి కోసం ఊరంతా వెదికాడు. దొరకలేదు. ఆ డబ్బును అతని కోసం పూజలు చెప్పించడానికి ఇచ్చాడు. గడువు తీరేసరికి అతని జీవితంలో పోగొట్టుకోవడానికి ఇష్టం లేనివి కొన్ని చేరాయి. ప్రమాణాన్ని పొడిగించుకుంటూ పోయి చివరకు జీవితాంతానికి చేశాడు. పొగాకు కూడా మానాడు. తాగుడు కంటే పొగాకు మానడమే తనకు ఎక్కువ కష్టమైందని అనేవాడట. ఈ మాట బీడీని చిన్న సంగతిగా తీసిపారేసేవారు గమనించాలి. నలభై ఏళ్ళు చుక్క ముట్టకుండా బ్రతికి, 1925 జూన్ 7వ తేదీన పూజకు పోతూ వీధిలోనే కూలి మరణించాడు. 1975లో ఆరవ పౌలు పోపుగారు అతణ్ణి పూజ్యులుగా ప్రకటించారు.

మొదటి కారణం చిన్నదైనా, అరువు తెచ్చుకున్నదైనా ఫరవాలేదు. భార్య ఏడ్పు కావచ్చు, డాక్టరు బెదిరింపు కావచ్చు, తపస్సుకాలం కావచ్చు. కాని అది కొన్నాళ్ళే నడుస్తుంది. ఆ కొన్నాళ్ళలో రెండో కారణాన్ని, మన సొంత కారణాన్ని, సంపాదించుకోవాలి.

మన పక్క జిల్లాలో ఇది ఊళ్ళకు ఊళ్ళలో రుజువైంది. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రి బడులలో చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు తమ బ్రతుకుల గురించి మాట్లాడుకుంటూ సారా దగ్గర ఆగారు. 1992లో దూబగుంట గ్రామంలోని స్త్రీలు తమ ఊరిలో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ మంట చుట్టుపక్కల జిల్లాలకు, మన కడప, కర్నూలు పల్లెలకు కూడా పాకింది. సారా వేలంపాటలను ఆడవాళ్ళు అడ్డుకున్నారు. అప్పటి ముఖ్యమంత్రి, మన కర్నూలు జిల్లావారే అయిన కోట్ల విజయభాస్కరరెడ్డిగారి ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది సడలిపోయింది.

ఆ కొద్ది సంవత్సరాలను ఒక పొడుగాటి తపస్సుకాలం అనుకోండి. అంగడి మూసినందువల్ల మాత్రమే మానినవారిలో చాలామంది అంగడి తెరవగానే తిరిగి పోయారు. పక్క రాష్ట్రం నుంచి దొంగచాటుగా వచ్చిన సరుకు కోసం ఎదురు చూసినవారు అంతవరకు కూడా ఆగలేదు. కాని నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు ఇంకొక పని చేశారు. సారాకు పోకుండా మిగిలిన డబ్బులోంచి రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. దానికి పొదుపులక్ష్మి అని పేరు వచ్చింది. నిషేధం పోయింది. పొదుపు పోలేదు. పొదుపు సంఘాలు రాష్ట్రమంతటా పెరిగాయి, మీ వీధిలోనూ ఒకటి ఉండే ఉంటుంది. అంగడి మూసి ఉన్న కాలాన్ని ఎవరు దేనికి వాడుకున్నారన్నదే తేడా.

ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. రోజుకు 150 రూపాయలు తాగుడుకు పోతున్నాయని అనుకుందాం. నలభై దినాలకు 6,000 రూపాయలు. తపస్సుకాలంలో మానిన ఇంట్లో ఆ 6,000 ఎక్కడ ఉన్నాయి? అడిగి చూడండి. బియ్యంలో, నూనెలో, చిల్లర ఖర్చులలో కలిసిపోయి ఉంటాయి. ఎవరి కంటికీ కనిపించవు. కనిపించని లాభం మనిషిని నిలబెట్టదు. అందువల్ల మానిన మొదటి రోజు నుంచే ఆ డబ్బును విడిగా ఒక డబ్బాలో వేయండి, లేదా సాయంత్రం కాగానే భార్య చేతిలో పెట్టండి. వారం వారం లెక్కించండి. వడ్డీ బాకీ ఉంటే దానికే కట్టండి. బాకీ చీటీ చించివేసిన రోజు ఇంట్లో కలిగే నెమ్మది ఏ ప్రసంగం వల్లా కలగదు. ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి గుంటూరు మిరప తోటలకు సుగ్గికి పోయే కుటుంబాలకు ఈ సంగతి మరీ ముఖ్యం. నెలల తరబడి ఎండలో కాయ కోసిన డబ్బు ఒకేసారి చేతికి వస్తుంది, తిరిగి వచ్చేది కూడా దాదాపు ఈ కాలంలోనే. ఆ మొత్తం బస్సు దిగిన రోజు ఎవరి చేతిలో ఉంటుందో బస్సు ఎక్కకముందే మాట్లాడుకోవాలి.

"ఆరోగ్యం కోసం మానండి" అని మనం అందరం అంటాం. ఆ మాటలో ముఖం లేదు. "వచ్చే మే నెలలో బిడ్డ పెండ్లిలో నేను నా కాళ్ళ మీద నిలబడి చుట్టాలను పలకరించాలి" అన్నదానిలో ముఖం ఉంది. మీ కారణం ఏమిటో మీరే చెప్పుకోవాలి, వీలైతే ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోవాలి. ఇక్కడ ఇంట్లోవాళ్ళకు ఒక మనవి. విలియం మిల్లర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తాగుడుకు లోబడినవారితో పనిచేస్తూ 1983లో ఒక విషయం రాశాడు. మానమని ఎదుటివాడు వాదిస్తే, తాగేవాడు ఎదురు వాదిస్తాడు, తన వాదన తానే విని ఇంకా గట్టిపడతాడు. మానాలనే మాట అతని నోటినుంచే రావాలి. అది మన ఇళ్ళలో రోజూ చూస్తున్నదే గదా. "నీ తాగుడుతో కొంప గుల్లయింది" అంటే, "నా కష్టం, నా ఇష్టం" అంటాడు. అదే పొద్దున, అతడు తాగని వేళ, నెమ్మదిగా అడిగి చూడండి. "నీకే ఎట్లుంది? రేపు పిల్లోడు నీ మాదిరి అయితే నీకు సమ్మతమేనా?" అని. జవాబు వెంటనే రాకపోవచ్చు. మీరూ వెంటనే మాట్లాడవద్దు. అడిగి ఊరుకోవడం కష్టమే, తిట్టడం కంటే చాలా కష్టం.

బీడీ, సిగరెట్టు గురించి కొంచెం విడిగా చెప్పాలి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల ప్రాంతాలలో నాపరాళ్ళ గనులలో, పాలిష్ యంత్రాల దగ్గర పనిచేసేవారు రాతి దుమ్మును రోజంతా పీలుస్తారు. రాతి దుమ్ము ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది, క్షయ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. పొగ కూడా అదే పని చేస్తుంది. దుమ్ము కడుపుకూటి కోసం తప్పడం లేదు, దాని మీద పొగ కూడా అవసరమా? "ఇన్నేళ్ళు తాగినాను, ఇప్పుడు మాని ఏం లాభం?" అనేవారికి ఒక లెక్క. బ్రిటన్‌లో 1951లో రిచర్డ్ డాల్ అనే వైద్యుడు, సహచరులతో కలిసి, వేలాదిమంది డాక్టర్ల అలవాట్లను రాసుకోవడం మొదలుపెట్టి యాభై ఏళ్ళపాటు గమనించాడు. మానకుండా తాగినవారు తాగనివారికంటే సుమారు పదేళ్ళ ముందే పోయారు. అరవైలో మానినవారికి దాదాపు మూడేళ్ళు, యాభైలో మానినవారికి ఆరేళ్ళు, నలభైలో మానినవారికి తొమ్మిదేళ్ళు తిరిగి దక్కాయి. ముప్ఫైలో మానినవారికి ఇంచుమించు పదేళ్ళూ దక్కాయి. 2004లో ప్రచురించిన లెక్క ఇది. అరవై ఏళ్ళ అబ్బకు కూడా మూడేళ్ళు ఉన్నాయి. మనవరాలిని బడికి పంపేటంత కాలం.

కానా పెండ్లిలో ప్రభువే ద్రాక్షారసం చేశాడు గదా అనే వాదనను ఏ సభలోనైనా ఒకరు తెస్తారు. ద్రాక్షారసం పాపమని శ్రీసభ ఎన్నడూ చెప్పలేదు. కాని ఒక గ్లాసుతో ఆగలేనివానికి ఆ కథలోని ఆరు రాతి బానలు జ్ఞాపకం ఉన్నంత బాగా ఇంట్లోని ఖాళీ బియ్యపు డబ్బా జ్ఞాపకం ఉండదు, అదీ చిక్కు!

ఒంటరిగా మానడం కష్టం. అమెరికాలోని ఏక్రన్ నగరంలో 1935లో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడై మానిన తర్వాత ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం పుట్టింది. ఈ సంఘాలు మన రాష్ట్రంలోనూ ఉన్నాయి. ఆ ఇద్దరిలో ఒకరైన డాక్టరుకు, తాగుబోతులను ఆసుపత్రులు చేర్చుకోని ఆ రోజులలో, సిస్టర్ ఇగ్నేషియా అనే కన్యాస్త్రీ 1939లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో చోటు ఇచ్చింది. నయమై ఇంటికి పోయే ప్రతివాని చేతిలో ఆమె ఒక తిరుహృదయ పతకం పెట్టేది. మళ్ళీ తాగాలనిపిస్తే తాగవచ్చు, కాని అంతకు ముందు ఈ పతకాన్ని నాకు తిరిగి ఇచ్చిపో అని షరతు పెట్టేది. ఆలోచించి చూడండి, ఎంత తెలివైన ఏర్పాటో! సీసాకు, నోటికి మధ్య ఒక మనిషి ముఖాన్ని నిలబెట్టింది.

మీ విచారణలో ఈ పని ఎవరు చేయగలరు? ఉపదేశిగారు కావచ్చు, మరియదళం అక్క కావచ్చు, పదేళ్ళ కిందట మానిన చిన్నాయన ఒకాయన కావచ్చు. ఆఖరివానికి ఈ పని అందరికంటే బాగా చేతనవుతుంది, అడిగేవారు లేక ఊరుకుంటాడు. పోయి అడగండి. ఊళ్ళో ఎవరూ దొరకకపోతే, పొగాకు మానదలచినవారు 1800-11-2356 నంబరుకు, మద్యం, మాదకద్రవ్యాల విషయంలో సహాయం కావలసినవారు 14446 నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు.

ఈ తపస్సుకాలంలో మానినవారు ఒక నిర్ణయం పండుగకు ముందే చేసుకోవాలి. పాస్కా ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు మీరు ఎక్కడ ఉంటారు? బావమరిది వాకిట్లోకి వచ్చినప్పుడు ఏమంటారు? ఆ క్షణంలో జవాబు వెదకడం మొదలుపెడితే దొరకదు. భార్యా పిల్లలతో అత్తగారి ఊరికి బస్సెక్కుతారో, డబ్బాలో చేరిన డబ్బుతో పిల్లలకు బట్టలు కొనడానికి పోతారో ముందే ఇంట్లో చెప్పండి, పిల్లలు వింటుండగా చెప్పండి. బావమరిదికి కూడా పవిత్ర వారంలోనే కబురు పెట్టండి. "నేను పండగ వరకని మానలేదు, మానినాను" అని.

ఇంత చేసినా పండుగ నాడు కాలు జారితే, వచ్చే విభూది బుధవారం వరకు ఆగవద్దు. ఒక్క ప్రయత్నంతోనే విడిచినవారు తక్కువ. సోమవారం పొద్దున లేచి, డబ్బాలో మిగిలింది లెక్కపెట్టి, ఆ రోజు కూలి దాంట్లో వేయండి.